వీరాస్వామి గారు పారేయించిన ల్యాప్‌టాప్

నేను ఒక ల్యాప్‌టాప్‌ని. దెబ్బ మరిచిపోయే రకాన్ని కాను. రెండువేల పంతొమ్మిది ఆగస్టు మూడో తారీఖున, నరసాపురంలో లేసుల వ్యాపారి వీరాస్వామి గారు నా ముందు కూర్చుని పులస పులుసుతో అన్నం తిన్నారు. పేజీ ఆలస్యంగా తెరుచుకుందని ఆ ఎంగిలి చేత్తోనే నన్ను గుద్ది, పారేయమన్నారు. లేసు మూటతో నిలబడి ఉన్న కృపావతి, "నాకిచ్చేయండి బాబుగారూ" అంది.

"పట్టుకుపోవే. అతుకులేసుకునేదానికి కంప్యూటరంట!" అని ఆయన నవ్వారు.

లేసుపనిలో ఒకామె పువ్వులే అల్లుతుంది, ఇంకొకామె అంచులే. ఆ ముక్కలన్నీ చేర్చి బల్లగుడ్డ చేసేది కృపావతి. ముక్కలను నెమలిగా కలిపే ఆమె అతుకు మరెవరికీ రాదు. అయినా గుడ్డ మీద పేరు మాత్రం వీరాస్వామి గారిదే. తన పని తన పేరుతో ఊరు దాటాలి, ఆమెకు కావలసింది అంతే.

అల్లిక సూదికి దూది చుట్టి, నా మీటల సందుల్లో ఎండిన పులుసు తీసింది. నన్నంత మెత్తగా అంతకుముందు ఎవరూ తాకలేదు.

తర్వాత వదిన సువార్తతో కలిసి ఆన్‌లైన్ దుకాణానికి సాఫ్ట్‌వేర్ వెతికింది. ఒకటి అందంగా ఉంది గానీ నెలనెలా అద్దె అడిగింది. ఇంకొకదానికి తెలుగు రాదు. మూడోదానిలో ప్రతి వస్తువు కిందా చేసినవారి పేరుకు ఒక గడి ఉంది.

"ఇదే వదినా. మన పేరడిగింది ఇదొక్కటే."

అలవాటు కొద్దీ మొదట రెక్కలు, పువ్వులు, అంచులు విడివిడిగా పెట్టేశారు. విశాఖపట్నంలో ఎవరో వట్టి నెమలి తోక కొనుక్కున్నారు. వదినా మరదళ్లు పడీపడీ నవ్వి, నిండు నెమలి గుడ్డను ఫొటో తీసి పెట్టారు.

ఆ ఫొటోను వీరాస్వామి గారు ఎత్తుకుపోయి తన ఆన్‌లైన్ దుకాణంలో పెట్టుకున్నారు. విదేశీ బేరం తగిలింది. కృపావతి ఆయన పని మానేశాక అతకడానికి మనిషి దొరకలేదు. ఒక సాయంత్రం మా గుమ్మంలో నిలబడ్డారు.

"ఆ నెమలి గుడ్డ అర్జంటుగా కావాలే, కృపా."

"షాపులో ఉందండి. కొనుక్కోండి."

"నాకే అమ్ముతావేంటే?"

"ఆయ్, అందరికీ అమ్ముతామండి."

నా ముందు కూర్చున్నారు. ఆ చెయ్యి నాకు గుర్తే. తెర మీద చక్రాన్ని తిప్పుతూనే ఉన్నాను. ఆయన పిడికిలి లేచింది, కృపావతిని చూసి దిగింది. చిరునామా తానే కొట్టుకున్నారు. డబ్బు కట్టి, గుడ్డ అక్కడికక్కడే చేతికొచ్చాక, నెమలి మెడ కింద అల్లి ఉన్న 'కృపావతి' కనిపించింది.

"ఈ పేరు విప్పెయ్ అమ్మా."

"విప్పితే నెమలి కూడా ఊడిపోద్దండి. షాపులో బొమ్మ కింద పేరు రాశాంగా, చదవలేదా?"

ఆయన లేచి గుమ్మం వైపు నడిచారు. చినుకులు మొదలయ్యాయని సువార్త గుడ్డకు ప్లాస్టిక్ కవరు చుట్టి ఇచ్చింది. నేనైతే ఆ పాటి దయ కూడా చూపేదాన్ని కాదు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, కృపావతి చప్పుడు కాకుండా తలుపు వేసి గడియ పెట్టింది.