నూకరత్నం రుచి చూసిన రోజు

నేను ఒక స్లో కుక్కర్‌ని. నా బతుకంతా ఆ పేరులోనే ఉంది. మంట ఉండదు, ఆవిరి చిమ్మను, కూత పెట్టను. కోలగా ఒక పింగాణీ గిన్నె, చుట్టూ రేకు తొడుగు, పైన గాజు మూత, ముందు ఒక బొత్తాం, అంతే నా ఆస్తి. పొద్దున్న మాంసం పెడితే మధ్యాహ్నం దాటాక ఉడుకుతుంది. అంతసేపు ఓపిక పట్టే మనుషులు ఈ లోకంలో ఎంతమంది? అందుకే నన్ను చూసి నవ్వినవాళ్లే ఎక్కువ. ఇప్పుడు విశాఖపట్నంలో ఒక పాత సామాన్ల కొట్టులో, రెక్క విరిగిన ఫ్యానుకీ తలుపు లేని ఫ్రిజ్జుకీ మధ్య పడి ఉన్నాను. లోపలి తీగ కాలిపోయింది. పెద్ద బాధేం లేదు లెండి. ఇన్నేళ్లూ వేడిగా ఉండీ ఉండీ విసుగొచ్చింది, చల్లగా పడుండడం ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది.

పుట్టింది చైనాలో. ఒకే రోజు నాలాంటివాళ్లం కొన్ని వేలమంది పుట్టాం, కాబట్టి పుట్టుక గురించి గొప్పలు చెప్పుకునేదేమీ లేదు. సింగపూరు రేవులో నన్ను ఒక సరుకుల ఓడ వంటగదికి కొన్నారు. అక్కడ వంటవాడు పోలారావు. విశాఖ జాలరిపేట మనిషి. తాతముత్తాతలు వల పట్టుకుని సముద్రంలోకి వెళ్తే ఈయన గరిటె పట్టుకుని వెళ్లాడు. ఆయన పైన పెద్ద వంటవాడు రమోన్ అని ఒక ఫిలిప్పీన్స్ ముసలాయన ఉండేవాడు. తమ దీవుల్లో చేసుకునే తియ్యటి సాసుతో పంది మాంసం వండి, బన్నుల్లో పెట్టడం పోలారావుకి నేర్పింది ఆయనే.

పని పెద్ద కష్టం కాదు, ఓపికే కష్టం. పంది భుజం ముక్కకి ఉప్పు, మిరియాలు, జీలకర్ర పొడి పట్టించాలి. నా అడుగున ఉల్లిపాయ చక్రాలు పరిచి, దాని మీద ఆ ముక్కని కూర్చోబెట్టాలి. అనాసరసం, బెల్లం, అల్లం, వెల్లుల్లి, సోయాసాసు, వెనిగర్, ఎండుమిరప కలిపి పైన పోసి, మూత పెట్టి, ఎనిమిది గంటలు నా మానాన నన్ను వదిలెయ్యాలి. ఆ వదిలెయ్యడమే మనుషులకి చేతకాదు. గంటకోసారి మూత తీసి తొంగి చూస్తారు. తీసిన ప్రతిసారీ నేను కష్టపడి కూడబెట్టిన వేడి కాస్తా గాలికి పోతుంది. మళ్లీ మొదట్నించీ చాకిరీ. రమోన్ ఒక్కడే ఎప్పుడూ మూత తీయలేదు, ఆయనకి నేను దణ్ణం పెట్టాలి.

ఓడకి వయసైపోయింది, తుక్కుకి అమ్మేశారు. దిగేటప్పుడు ఒకడు టీవీ ఎత్తుకెళ్లాడు, ఒకడు పరుపు చుట్టుకెళ్లాడు. పోలారావు నన్ను చంకనేసుకుని జాలరిపేట వచ్చాడు.

గుమ్మంలోనే ఆపేసింది ఆయన భార్య నూకరత్నం. ఆమె తప్పేం లేదు. ఆ వీధి అమ్మవారి పండక్కి ఏటా ఘటం ఎత్తేది ఆమే. పదకొండేళ్లుగా ఆ పసుపు కుండ ఆమె నెత్తిమీదే ఊరేగుతోంది. పంది మాంసం నోట పెట్టని మనిషే ఘటం ఎత్తాలని అక్కడి కట్టుబాటు. ఒక్కసారి ముట్టినా ఇక ఆ కుండ వేరే నెత్తికి మారిపోతుంది. అందుకని పెరట్లో రేకు కింద, బట్టలుతికే బండ పక్కన సిమెంటు గట్టు మీద నన్ను పెట్టారు. కిటికీలోంచి ఒక వైరు లాగి నాకు కరెంటిచ్చారు. సముద్రాలు దాటొచ్చి సబ్బు నురగ పక్కన కాపురం. పక్కింటావిడ రోజూ గోడ మీంచి చూసి, “ఏటే రత్నం, మీ కుక్కరు ఒక్క విజిలైనా ఎయ్యదేటి?” అనేది. నూకరత్నం, “దానికి మాటలు రావొదినా, మా మావలాగే,” అనేది.

పోలారావు బీచి రోడ్డులో బండి పెట్టాడు. ఆదివారాలు మాత్రమే. రమోన్ బెల్లానికి బదులు అనకాపల్లి బెల్లం, ఏజెన్సీ కొండల నుంచి దిగిన అనాసపళ్లు. ఎనిమిది గంటలు ఉడికిన ముక్కని రెండు ఫోర్కులతో పీచుపీచుగా లాగి, కాల్చిన బన్నులో కుక్కి, పైన సన్నగా తరిగిన క్యాబేజీ వేసి ఇచ్చేవాడు. రేవులో దిగిన నావికులు, రైల్వే క్వార్టర్ల జనం లైను కట్టేవారు. ఆదివారం వచ్చిందంటే నాకు నడుం వాల్చే తీరిక లేదు, కానీ ఆయన మొహం చూస్తే ఏమీ అనబుద్ధయ్యేది కాదు.

అప్పుడొచ్చింది ఆ జ్వరం. పది రోజులుంది, పోతూ పోతూ ఆయన నోటి రుచినీ ముక్కు వాసననీ పట్టుకుపోయింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. వంటవాడు ఆ మాట ఎలా చెప్పుకుంటాడు? నేను మాత్రం గమనించాను. గరిటెతో సాసు నాలుక మీద వేసుకుని అలాగే నిలబడిపోయేవాడు. ఒక వారం బెల్లం ఎక్కువ, మరో వారం ఉప్పు విషం. జనం సగం కొరికి పారేశారు. ఒక నెలకి లైను పోయింది, మరో నెలకి బండి మూలపడింది.

నూకరత్నానికి ఎలా తెలిసిందంటే చేపల పులుసు వల్ల తెలిసింది. ఆ రోజు పరధ్యానంలో ఆమె పులుసులో ఉప్పు వెయ్యడమే మరిచిపోయింది. పోలారావు రెండుసార్లు అన్నంలో కలుపుకుని తిని, “బాగుంది,” అన్నాడు. ఆమె తన కంచంలోది నోట్లో పెట్టుకుని ఆగిపోయింది. ఉప్పు తక్కువైతే కంచం విసిరేసినంత పని చేసే మనిషి ఆయన. ఆమె పెరట్లోకి వచ్చి, నా పక్కన గట్టు మీద కూర్చుని ఏడ్చింది.

వారం తిరక్కుండా భీమిలి దగ్గర కొత్తగా కట్టిన ఒక హోటల్ వాళ్లు వంటవాళ్ల కోసం చూస్తున్నారని తెలిసింది. ఎవరి వంట వాళ్లు చేసి తెచ్చి చూపించాలి. పోలారావుకి వంట తప్ప ఏదీ రాదు. యాభై రెండేళ్లు. ఇది పోతే ఇంక తనని ఎవరూ వంటవాడు అనరని ఆయనకి తెలుసు, ఆమెకీ తెలుసు.

హోటల్‌కి వెళ్లాల్సిన రోజు తెల్లారేసరికి ఆయన సాసు కలుపుతున్నాడు. నూకరత్నం స్నానం చేసి, తడి జుట్టుతో చెంచా పట్టుకుని వచ్చింది.

“ఇటు తే మావా.”

“నీకెందుకే?”

“ఇంకా మాంసం ఎయ్యలేదు కదా. ఒట్టి అనాసరసమే కదా. ఇటు తే.”

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. తెలిసిపోయిందని అర్థమైంది. గిన్నె ఆమె ముందుకి జరిపాడు. ఆమె చప్పరించి, “పులుపు సాల్లేదు,” అంది. వెనిగర్ పోశాడు. “ఇప్పుడు బెల్లం కూసింత.” వేశాడు. “అల్లం మరి కాసింత దంచు.” దంచాడు. సరిగ్గా ఉందన్నాక నాలో మాంసం పెట్టి, పైన అది పోసి మూత పెట్టాడు. ఎనిమిది గంటలు ఇద్దరూ గట్టు మీదే కూర్చున్నారు. నా చరిత్రలో మొదటిసారి ఆ ఇంట్లో ఎవరూ మూత తీయలేదు.

కానీ అసలు చిక్కు చివర్లో ఉంది. పచ్చిగా ఉన్నప్పటి సాసు వేరు, మాంసంలోని రసమంతా దిగాక సాసు వేరు. ఆ కొవ్వు కలిశాక తీపి వెనక్కిపోతుంది, ఉప్పు ముందుకొస్తుంది. ఆ రసాన్ని వేరే గిన్నెలో మరిగించి, రుచి చూసి, సరిచేసి, పీచు తీసిన మాంసంలో మళ్లీ కలపాలి. అక్కడే వంటవాడి పని. అక్కడే తేడా వస్తే పొద్దుటి కష్టం అంతా నీళ్లపాలు.

పోలారావు రసం మరిగించి చెంచా ముంచాడు. నోట్లో పెట్టుకున్నాడు. మళ్లీ పెట్టుకున్నాడు. చెంచా కింద పెట్టేశాడు.

“సరిపోనాదేమోలే,” అన్నాడు.

“తెల్డం లేదని సెప్పొచ్చు కదా,” అంది నూకరత్నం.

“నీకొద్దు రత్నం. పండగ ఇరవై రోజుల్లో ఉంది.”

ఆమె కాసేపు నా వైపే చూసింది. నా మొహంలో ఏముంది చూడ్డానికి? తర్వాత చెంచా తీసుకుంది. కళ్లమ్మట నీళ్లు కారుతుండగానే నోట్లో పెట్టుకుంది. మింగింది.

“ఉప్పు సరిపోనాది. తీపి సచ్చిపోనాది. బెల్లం ఎయ్యి, నిమ్మకాయ పిండు,” అంది.

మూడింటికి నన్ను తువ్వాల్లో చుట్టి, మూతని తాడుతో కట్టి ఆటోలో తీసుకెళ్లారు. హోటల్లో చెఫ్ కుర్రవాడే, హైదరాబాద్ మనిషి, మర్యాద తెలిసినవాడు. బన్ను కొరికి, కళ్లు మూసుకుని నమిలి, మొత్తం తినేశాడు. అక్కడున్న పదిమందీ తిన్నారు. నూకరత్నం గుమ్మం దగ్గర నిలబడి వాళ్ల నోళ్లనే చూస్తోంది. ఇంక పని అయిపోయిందనే అనుకున్నాను. అప్పుడు చెఫ్ కాస్త సాసు గిన్నెలోకి తీసుకుని, అటు తిరిగి అందులో ఏదో కలిపి, చెంచాతో పోలారావుకి ఇచ్చాడు.

“ఏం మార్చానో చెప్పండి చూద్దాం. అందరినీ అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి.”

పోలారావు నోట్లో పెట్టుకున్నాడు. భార్య వైపు చూశాడు. ఆమె దూరంగా ఉంది, చెప్పడానికి దారి లేదు. ఏదో ఒకటి అనేస్తే తగిలేదేమో. ఉప్పనో పులుపనో. మనుషులు అంతకంటే చిన్న వాటికే అబద్ధాలాడడం నేను చూశాను.

“నాకు నోటికి రుచి తెల్డం లేదు బాబూ,” అన్నాడు. “నాలుగు నెల్లయింది. రుచి సూసింది మా ఆడది. ఆవిడ పంది ముట్టదు. ఇయ్యాళ ముట్టింది.”

చెఫ్ కుర్చీలు వేయించి ఇద్దరినీ కూర్చోబెట్టాడు, మంచినీళ్లిప్పించాడు. “ఇక్కడ రోజుకి నలభై వంటలు రుచి చూడాలండీ,” అన్నాడు. ఆ మాట చెప్పడానికి ఆయనకీ కష్టంగానే ఉంది. నూకరత్నం లేచి, “ఎల్లొస్తాం బాబూ,” అంది.

ఉద్యోగం రాలేదు. ఆ ఏడు ఘటం ఎదురింటి చిన్నమ్మి ఎత్తింది, నూకరత్నం గుమ్మంలో నిలబడి ఆమె కాళ్లకి పసుపు నీళ్లు పోసి లోపలికి వచ్చేసింది. ఆ తర్వాత మూడేళ్లు ఆదివారాలు మళ్లీ బండి నడిచింది, ఆయన వండితే ఆమె స్టూలు మీద కూర్చుని రుచి చెప్పేది. నా తీగ కాలేదాకా ఆ చాకిరీ చేశాను. అదంతా నాకిప్పుడు కలగాపులగంగా ఉంది. ఇక్కడ ఈ కుప్పలో పడుకుని తలుచుకునేది మాత్రం ఆ రోజు తిరుగు ప్రయాణమే.

ఆటోలో నేను నూకరత్నం ఒళ్లో ఉన్నాను, ఇంకా గోరువెచ్చగానే. నాలో ఒక బన్ను మిగిలింది, కాగితంలో చుట్టి. పొద్దుట్నుంచి ఇద్దరూ ఏమీ తినలేదు. పోలారావు సముద్రం వైపు మొహం తిప్పుకుని కూర్చున్నాడు. రుషికొండ దాటాక ఆమె తాడు విప్పి, బన్ను తీసి, ఒక పెద్ద ముక్క కొరికింది. ఆయన ఉలిక్కిపడి చూశాడు.

“ఎలాగూ అయిపోనాది కదా మావా,” అంది నములుతూ.

ఆయన అడిగాడు. “ఎలాగుంది? అబద్ధం సెప్పకు.”

ఆమె మింగి, మళ్లీ కొరికి, సరిగ్గా నమిలింది. “ముందు బెల్లం తగల్తంది,” అంది. “ఎంటనే పులుపు. అది పోయేలోపల అల్లం ఘాటు గొంతులోకి దిగతంది. మాంసం పంటికి తగలకుండానే ఇడిపోతంది. అంతా అయినాక సివర్న మిరియం, నాలిక మొదట్లో.”

పోలారావు కళ్లు మూసుకున్నాడు. నాలుకతో పెదవులు తడుపుకున్నాడు.

“ఇంకా సెప్పు,” అన్నాడు.

ఆమె మరో ముక్క కొరికి, మళ్లీ మొదట్నించీ చెప్పడం మొదలుపెట్టింది.