నలభై ప్రశ్నల నోటుబుక్కు

నేను ఒక వంద పేజీల నోటుబుక్కుని. నన్ను కుట్టినవాడు నాలో ఎవరో ఎక్కాలు రాసుకుంటారనుకుని ఉంటాడు. నా నుదుటన మాత్రం పోలిష్ భాష రాసిపెట్టి ఉంది.

పోలండులో గోదాం పనికి కుదిరిన గంగరాజం నన్ను జగిత్యాలలో కొన్నాడు. పోలండులో పదేళ్లు ఉండి వచ్చిన ఆనందం సారు, కొత్తగా వెళ్లేవాళ్లకు నెల రోజులు ప్రశ్నలు మాత్రమే నేర్పేవాడు. ఎక్కడ అంటే గ్జె, ఎప్పుడు అంటే కెదీ, ముందు ‘చి’ అని వస్తే అవునా కాదా అని అడుగుతున్నట్టు. అడగడం వస్తే చాలు, జవాబు ఎదుటివాళ్లే చెప్తారని ఆయన నమ్మకం. ఆ జవాబు కూడా పోలిష్‌లోనే వస్తుందని ఎవరికీ తట్టలేదు. మనుషులు తెలివైనవాళ్లే, కాకపోతే ఒక్క అడుగు ముందుదాకానే.

గంగరాజం నలభై ప్రశ్నలు నాలో రాసుకున్నాడు, కానీ అతనికి ఏదీ గుర్తుండేది కాదు. భార్య స్వరూప బీడీలు చుడుతూ నన్ను ఎదురుగా పెట్టుకుని అప్పజెప్పించుకునేది. చివరికి నలభై ప్రశ్నలూ ఆమెకే నోటికొచ్చాయి. వెళ్లేరోజు అతను నన్ను ఆమె ఒళ్లో పెట్టాడు.

“నీకే మంచిగొచ్చింది. నీ దగ్గర్నే ఉండనీ.”

అయిదు నెలలకు గోదాంలో పెట్టెలు కూలి అతని మీద పడ్డాయి. తోటి పనివాడొకడు ఆసుపత్రి నంబరు పంపాడు. పొద్దున్నే స్వరూప నన్ను తెరిచి ఫోను చేసింది. భర్త పేరు చెప్పి, ఎక్కడున్నాడని తప్పు లేకుండా అడిగింది. నాకు గర్వంగా అనిపించింది, చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

అవతల నర్సు ఏదో చెప్పింది. తర్వాత మెల్లగా ఒక మాట అడిగింది. ముందు ‘చి’ వినపడింది కాబట్టి అది ప్రశ్నేనని స్వరూపకు తెలిసింది. నా పేజీలన్నీ తిప్పింది. ఒక్క జవాబూ నాలో లేదు. నర్సు మూడుసార్లు అడిగింది. స్వరూప ఏడుస్తూ, ఆ మాటలు వినబడ్డట్టే తెలుగు అక్షరాల్లో రాసుకుంది. ఫోను కట్టయింది.

ఆనందం సారు పెళ్లికని కోరుట్ల వెళ్లాడు. మధ్యాహ్నం ఆయన తిరిగొచ్చేసరికే గంగరాజం పోయాడన్న కబురు వచ్చేసింది. ఆయన ఆ వాక్యం చదివి తల దించుకున్నాడు.

“ఏమడిగింది సారూ?”

“ఫోను ఆయన చెవి కాడ పెట్టాల్నా అని అడిగిందమ్మా.”

“దానికి ఏమనాలె?”

“తక్ అనాలె. అవునని.”

ఆ మాట స్వరూప ప్రశ్న కిందే రాసుకుంది. నాలో ఉన్న జవాబు అదొక్కటే. ఇప్పుడు రోజూ బీడీల చాట ముందు కూర్చుని, ఆ ప్రశ్న తనే చదువుకుని, తనే తక్ అంటుంది.