మల్లక్క పట్టిన జాగ

మంగళవారం మేడిపల్లి దవాఖానలో ఆడవాళ్లకు పరీక్షలు చేస్తారు. ఎనిమిదింటికే వరండాలో చెప్పుల వరుస మొదలవుతుంది. యూరియా బస్తాల కోసం నిలబడి నిలబడి నేర్చుకున్న అలవాటే ఇది. చెప్పులు వరుసలో విడిచి, మనుషులు పోయి నీడన కూర్చుంటారు. ముందున్న జత కదిలితే ఎవరో ఒకరు లేచి మిగతావాటిని కాలితో ముందుకు నెడతారు. ఎల్లవ్వ అయితే చాట ఒళ్లో పెట్టుకుని, వంతు వచ్చేలోగా వంద బీడీలు చుట్టేస్తుంది.

మల్లక్క చెప్పులను మాత్రం ఎవరూ నెట్టనక్కర్లేదు. అవే కదులుతాయి. మల్లక్క గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ వచ్చి చనిపోయి రెండేళ్లయింది. ఆ నీలం రబ్బరు చెప్పులు మంగళవారం పొద్దున్నే ఆమె గడప దిగి, బస్సు వస్తే పక్కకు జరిగి, వచ్చి వరుసలో నిలబడతాయి. తీరా వంతు వచ్చేసరికి వెనక్కి తిరిగి చివరికి పోతాయి. బతికున్నప్పుడు మల్లక్క చేసిందీ అదే.

"మొగడు మస్కట్‌ల, నేనీడ. నాకెందుకస్తది గా రోగం?" అనేది. మొగుడు ఊళ్లో లేని ఆడదానికి ఆ జబ్బు రాదని ఆమె నమ్మకం. ఊళ్లో సగం మందిదీ అదే నమ్మకం, ఆ సగం మంది మొగుళ్లూ గల్ఫ్‌లోనే మరి. పిచ్చితల్లి! ముదిరిపోయాక ఎంత పెద్ద దవాఖానకు పోతే మాత్రం ఏం లాభం?

ఆమె కూతురు సుధను కోరుట్లలో ఇచ్చారు. భర్త రమణ దుబాయికి పోయి మూడేళ్లు. ప్రతి మంగళవారం సుధ షేర్ ఆటో ఎక్కి వచ్చి, తల్లి చెప్పుల పక్కన కూర్చుని, కొంగుతో వాటి దుమ్ము తుడుస్తుంది. ఇంటి సంగతులన్నీ వాటికి చెబుతుంది. నాలుగు నెలలుగా నెలసరి కాని రోజుల్లోనూ రక్తం కనబడుతోందని కూడా వాటికే చెప్పింది.

ఆ మాట ఎల్లవ్వ చెవిన పడింది.

"మరి లోపటికెందుకు పోవు, బిడ్డా?"

"అమ్మను సూడ అచ్చిన, అవ్వా."

"చెప్పులు జాగ వట్టేది మనిషి అచ్చేదాకనే. నీకోసమే వట్టిందేమో. నువ్వు పోతే ఇగ దానికేం పని?"

సుధకు తెలియక కాదు. తెలిసే నాలుగు నెలలుగా లోపలికి పోలేదు. రోగమంటే భయమే. కానీ వారానికోసారైనా కనబడే అమ్మను చేజేతులా పోగొట్టుకోవడం ఎవరి తరం?

అంతలో మల్లక్క వంతు వచ్చింది. చెప్పులు తలుపు దాకా పోయి ఆగాయి. వెనక్కి తిరగలేదు.

నర్సు అనూష బయటికి వచ్చింది. "మల్లక్కా, ఎనుకకు పోతవా?" అని ఎప్పటిలాగే అడిగింది. చెప్పులు కదల్లేదు.

సుధ వాటి ముందు కూలబడింది. "అమ్మా, ఎనుకకు పో. నీకు దండం పెడ్త. అచ్చే మంగళారం సూపిచ్చుకుంట."

తల్లి కూడా వచ్చే మంగళవారం, వచ్చే మంగళవారం అనే చెప్పేది. ఆ మాట తన నోటనే విని సుధ ఆగిపోయింది. లేచి ఆ చెప్పుల్లో కాళ్లు పెట్టింది. ఎవరో ఇప్పుడే విడిచినట్టు వెచ్చగా ఉన్నాయి.

లోపల పని పది నిమిషాలు కూడా పట్టలేదు. మందు రాసి చూసి అనూష అంది, "చిన్న తెల్లమచ్చ ఉన్నదక్కా. జగిత్యాలకు రాసిస్తున్న, రేపే పో. జల్ది అచ్చినవ్, మంచిదైంది."

బయటికొచ్చి సుధ చెప్పులు విడిచి నేల మీద పెట్టింది. మధ్యాహ్నం దాకా ఎదురుచూసింది. అవి ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి. అటూ ఇటూ పోయే ఆడవాళ్లు వాటిని దాటుకుని పోయారు.

జగిత్యాల డాక్టరమ్మ ముక్క తీసి పరీక్షకు పంపింది. ఇంకా క్యాన్సర్ కాలేదని, వైద్యం చేస్తే పోతుందని తేలిన రోజు రమణ ఫోన్ చేశాడు.

"మంచిగనే అయింది గద, సుధా! గిట్ల ఏడుస్తవేంది?"

"అమ్మ సచ్చిపోయిందయ్యా."

"అత్త పోయి రెండేండ్లాయె గదనే?"

"కాదు," అంది సుధ. "నేను లోపటికి పోయిన మంగళారం పోయింది."