ఆఖరి తట్ట

వీరేశం పాట ఎత్తుకోగానే కాంక్రీటు తట్టలు నిచ్చెన పొడుగునా చేతులు మారుతూ పైకొచ్చాయి. సైబర్ టవర్స్ తెరుచుకున్న కొత్తలో, మాదాపూర్ బండల మధ్య లేస్తున్న ఒక ఆఫీసు భవనానికి స్లాబు పోస్తున్నారు. సిమెంటు దుమ్ముకు అతని గొంతు బొంగురుపోయింది. అయినా ఆ గొంతు ఆగితే చేతులూ ఆగుతాయి. పని ముగిశాక "ఆఖరి తట్టా..." అని సాగదీసి అరిచేదీ అతనే. ఆ కేక వినబడేదాకా వరస విడిచి ఎవరూ కదలకూడదు.

ఇవాళ అతని కడుపు మండిపోతోంది. కారణం, నిచ్చెన పైన తట్ట తలకెత్తుకుంటున్న మేనల్లుడు ఎల్లేశం. నెల కిందట వీరేశం చాయ్‌కి దిగినప్పుడు వాడు పాట అందుకున్నాడు. పక్క ఆఫీసులో కంప్యూటర్ల ముందు కూర్చునే ముగ్గురు కుర్రాళ్లు విన్నారు. వాళ్లు రాక్ బ్యాండ్ పెట్టుకున్నారు గానీ పాడేవాడు లేడు. పాడటానికి వీణ్ణి పట్టుకున్నారు. బ్యాండుకు పేరేం పెడదామంటే వీడు "ఆఖరి తట్ట" అన్నాడట. అదే ఖాయం చేశారు.

మేనల్లుడు కదా అని పాలమూరు నుంచి తెచ్చి పనిలో పెడితే, ఏకై వచ్చి మేకయ్యాడు. బ్యాండుకు పెట్టిన ఆ మాట తన మామదని ఒక్కరికైనా చెప్పాడా? చెప్పలేదు.

సాయంత్రం సికింద్రాబాదులో వాళ్ల మొదటి కచేరీ. కింద ఆటో ఆపుకుని కుర్రాళ్లు పిలిచారు.

"ఎల్లేశం గారూ, టైమైపోతోందండీ!"

గారట! వీరేశాన్ని ఇన్నేళ్లలో ఎవరూ గారు అనలేదు.

స్లాబు నిండింది. వీరేశం కేక వేయలేదు.

"ఆ మూల జర దిగింది. ఇంకో కాంక్రీటు మాలు కలపమను."

మూల బాగానే ఉందని అందరికీ కనబడుతోంది.

"ఏందన్నా, ఇగ అనరాదే! నడుములు పోతున్నయ్" అంది రుక్కమ్మ.

"మామా, నువ్వనకుంటే నేనెట్ల పోత?" ఎల్లేశం బతిమాలాడు.

"పోకు. ఎవలు పొమ్మన్నరు?"

ఎల్లేశం కాసేపు ఆటో వైపు చూశాడు. తర్వాత తనే గొంతెత్తాడు.

"ఆఖరి తట్టా..."

అదే సాగదీత, అదే విరుపు. గొంతు మాత్రం లేతగా, ఖంగున ఉంది. వరసలో చేతులన్నీ దిగిపోయాయి. రుక్కమ్మ తట్ట బోర్లించి దానిమీదే కూర్చుంది. వీరేశం కేక కోసం ఒక్కరూ ఎదురుచూడలేదు.

ఎల్లేశం నిచ్చెన దిగాడు. ఆటో దుమ్ములో కలిసిపోయింది. వాడిక ఈ పనికి తిరిగి రాడని అందరికీ తెలుసు.

పచ్చి స్లాబు అంచున, తట్ట కింద తలకు పెట్టుకునే వాడి చుట్టకుదురు, చెమట తడి ఆరకుండా పడి ఉంది.