అడుగు గుడ్డ

గురువారం ఉదయం ఏడున్నరకు పై అంతస్తులో అద్దెకున్నవాళ్లు ఇల్లు ఖాళీ చేశారు. మంచాలు, బీరువా, ఆఖరికి చీపురు కూడా లారీ ఎక్కాయి. పిల్లిని మెట్ల మీద వదిలేసి వెళ్లారు.

కింద సోఫాలు బాగుచేసే షాపు ఉంది. బావ, బావమరిది కలిసి నడుపుతున్నారు. పిల్లి అంతకుముందు కూడా పగలంతా అక్కడే గడిపేది. స్పాంజి షీట్ల దొంతర మీద కూర్చుని వీళ్ల పనిని చూస్తుండేది. తను ఏ పనీ చేసేది కాదు కాబట్టి బావ దానికి మేనేజరని పేరు పెట్టాడు.

బావకు ఆయాసం. పాత సోఫాల దుమ్ముతో వచ్చింది, పిల్లి వెంట్రుకలతో ఎక్కువైంది. పగలు వచ్చిపోయే పిల్లిని ఇన్నాళ్లూ ఓర్చుకున్నాడు. రాత్రిళ్లు కూడా షాపులోనే ఉంటే తన వల్ల కాదన్నాడు. బావమరిది ఒక్కడే ఒక గదిలో ఉంటాడు. కుక్కలూ పిల్లులూ కుదరవని గది ఇచ్చినప్పుడే చెప్పారు. పైవాటాకు సోమవారం రంగులు వేయిస్తున్నానని, అప్పటికి పిల్లి ఇక్కడే ఉంటే గోతంలో కట్టించి ఊరి బయట వదిలిస్తానని ఇంటి యజమాని చెప్పి వెళ్లాడు. ఊరికే అనే మనిషి కాదు. నిరుడు ఒక కుక్కను అలాగే పంపాడు.

బావమరిది దానికి ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు. షాపుకు వచ్చిన ప్రతివాళ్లనూ అడిగాడు. మందుల షాపతను పిల్లి కూన అయితే చూద్దామన్నాడు. ఇది పదేళ్లది, ముందుపళ్లు రెండు లేవు. ఎలుకల్ని పడుతుందా అని దర్జీ అడిగాడు. పట్టదు, చూస్తుంది అని బావమరిది ఉన్నమాట చెప్పాడు. దర్జీ నవ్వి వెళ్లిపోయాడు.

"పిల్లికి బిచ్చం పెట్టని పిసినారివని మీ అక్క నిన్ను ఆడిపోసుకునేది. ఇప్పుడు చూడు, పిల్లి కోసం నువ్వే బిచ్చమెత్తుతున్నావు" అన్నాడు బావ.

శుక్రవారం సాయంత్రం రిటైరైన నర్సు ఒకామె కుర్చీ తీసుకెళ్లడానికి వచ్చింది. పిల్లిని ఎత్తి చూసింది, నోరు తెరిచి చూసింది. వయసు సంగతి బావమరిది దాచలేదు.

"ముసలిదైతే ఏం? నేను మాత్రం పడుచుదాన్నా? ఆదివారం తీసుకురా నాయనా" అంది.

ఆ రాత్రి బావమరిది గదికి వెళ్లి త్వరగా నిద్రపోయాడు.

శనివారం ముగ్గురు కూర్చునే సోఫా ఒకటి ఇచ్చేయాలి. సోఫా పనిలో చివరిది అడుగు గుడ్డ. సోఫాను బోర్లా తిప్పి, అడుగుభాగం మీద నల్లగుడ్డ పరిచి, చుట్టూ పిన్నులు కొడతారు. గుడ్డ మూసేముందు లోపల ఈ చివర నుంచి ఆ చివరదాకా చేత్తో తడిమి చూడాలి. ఒకసారి బావ కత్తెర లోపలే మరిచిపోయి మొత్తం విప్పాల్సి వచ్చింది. అప్పటి నుంచి అది షాపు పద్ధతి. ఎవరు మూస్తే వాళ్లే తడమాలి.

ఆ రోజు వ్యాను చెప్పిన వేళకన్నా ముందే వచ్చి హారన్ కొట్టింది. పని తొందరగా తెమలాలని ఇద్దరూ చెరో చివర కూర్చుని పిన్నులు కొట్టుకుంటూ వచ్చి మధ్యలో కలిశారు. సోఫా వెళ్లిపోయింది.

సాయంత్రం పిల్లి కనపడలేదు. బావమరిది మేడ మీద, మెట్ల కింద, సందులో వెతికాడు. తిరిగి వచ్చేసరికి బావ తీరిగ్గా చేతులు కడుక్కుంటున్నాడు.

"పిల్లిని వదిలేసేదేదో నాకు చెప్పి వదిలేసినా సరిపోయేది బావా. నేను అడ్డం పడేవాణ్ణా?"

బావ చేతులు తుడుచుకుని, షట్టరు దించి, తాళం బావమరిది చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆదివారం ఉదయం సోఫా బాగుచేయించుకున్నామె బావకు ఫోన్ చేసింది. రాత్రంతా ఏదో చప్పుడైందని, కొత్త స్ప్రింగులు కదా అనుకున్నామని, తెల్లారేసరికి వాసన మొదలైందని చెప్పింది. బావ నేరుగా బావమరిది గదికి వచ్చాడు.

"అప్పటి కత్తెర లాంటి పనే చేశాం. నువ్వు చెయ్యి పెట్టి చూశావా?"

"నువ్వు చూశావనుకున్నా."

"నేనూ నువ్వు చూశావనే అనుకున్నా."

ఇద్దరూ పనిముట్ల సంచి తీసుకుని బయల్దేరారు.

ఆమె ఇల్లు రెండో అంతస్తులో ఉంది. వాసన పోవడానికి వీధి తలుపు బార్లా తెరిచి పెట్టారు. సోఫాను తిప్పి బావ గుడ్డ కోశాడు. పిల్లి చెయ్యి ఆనించే పట్టె కింద మూలకు నక్కి ఉంది. బావమరిది పేరు పెట్టి పిలిచి చెయ్యి చాపాడు. అది చెయ్యి కొరికి బయటికి దూకి, తెరిచి ఉన్న తలుపులోంచి మెట్లు దిగి పోయింది. గుడ్డ కోసేముందు తలుపు వేయమని ఇద్దరిలో ఒక్కరూ అనలేదు.

ఆ పూట ఆ వీధంతా వెతికారు. పార్కు చేసిన బళ్ల కిందా, గోడల వెనకా చూశారు. బావ నాలుగడుగులకోసారి ఆగుతూ, ఆయాసానికి మందు పీలుస్తూ, మేనేజరూ, మేనేజరూ అని పిలుస్తూ తిరిగాడు. ఎవరిని పిలుస్తున్నారని అడిగినవాళ్లకు పిల్లిని పిలుస్తున్నానని చెప్పాడు. బావమరిది నిన్నటి మాట వెనక్కి తీసుకోబోయాడు.

"ముందు అది దొరకనీరా" అన్నాడు బావ.

నర్సు ఆ సాయంత్రం ఫోన్ చేసింది. తర్వాత రెండు రోజులూ చేసింది. అట్టపెట్టెలో పాత దుప్పటి పరిచి ఉంచానని చెప్పింది. గురువారం మళ్లీ చేసి, చెల్లెలి కూతురు పిల్లి కూనను తెచ్చిచ్చిందని, రెండింటిని సాకే ఓపిక తనకు లేదని, ఏమీ అనుకోవద్దని అంది. బావమరిది ఏమీ అనుకోనన్నాడు. విషయం బావకు చెప్పాడు.

బావ విన్నాడు. సాయంత్రం పని ముగిశాక మళ్లీ ఆ వీధికే బయల్దేరాడు. బావమరిది వెంట వెళ్లాడు. ఎనిమిది దాకా వెతికారు. పిల్లి కనపడలేదు.