ప్రొజెక్టర్ మీది రీడింగులు

దమయంతి చెక్కపలకను పొడిగుడ్డతో తుడిచి, వేలు ఆనించి చూసి, మళ్ళీ తుడిచింది. నిన్నటి క్లాసులో ఎవరో దాని మీద కాఫీ ఒలకబోసి, చెప్పకుండా చల్లగా జారుకున్నారు. మరక మీద ప్రయోగంలో లాగే చెక్కదిమ్మ ఒకలా కదులుతుంది, శుభ్రంగా ఉన్నచోట ఇంకోలా కదులుతుంది.

"బుద్ధిలేని వెధవలు," అంది పలకతోనే.

యాభై దాటిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. స్వెట్టర్ చేతులు మోచేతులదాకా మడిచి, నెరిసిన జుట్టును ముడివేసి, నడుస్తున్నంతసేపూ పెదవులు బిగించే ఉంచుతుంది. న్యూజెర్సీలోని ఆ చిన్న కాలేజీలో ఆమె ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంట్. మంచు పడినా ప్లెయిన్స్‌బరో నుంచి కారు నడుపుకుంటూ అందరికంటే ముందే వస్తుంది.

బల్లకొక పలక, కొక్కెం ఉన్న చెక్కదిమ్మ, స్ప్రింగ్ త్రాసు పెట్టుకుంటూ వెళ్ళింది. త్రాసును కొక్కేనికి తగిలించి దిమ్మను మెల్లగా లాగాలి. ముల్లు పెరుగుతూనే ఉంటుంది, దిమ్మ మాత్రం కదలదు. ఇక కదులుతుందనగా ముల్లు ఎక్కడుందో అది స్థైతిక ఘర్షణ. కదిలాక ముల్లు కాస్త దిగి, ఒకచోట వణుకుతూ నిలుస్తుంది. అది గతిక ఘర్షణ. దిగడం కంటితో చూడాలి. అంతే, అంతకన్నా ఏమీ లేదు.

ఆ కాస్త సంగతి ఆమెకు ఒంగోలులో ఎవరూ చూపించలేదు. బీఎస్సీ చదివిన మూడేళ్ళూ పరికరాలు అద్దాల బీరువాలోనే ఉన్నాయి. పాడైతే ఎవరు జవాబు చెబుతారని బీరువాకు తాళం వేసేవారు. పై క్లాసువాళ్ళ రికార్డులు తెచ్చుకుని రీడింగులు దించుకోవడమే చదువు. పక్కవాళ్ళతో మరీ కలిసిపోకుండా ఒకటి రెండు అంకెలు మార్చడమే అక్కడి తెలివి. ప్రాక్టికల్స్‌లో ఆమెకు ఇంచుమించు పూర్తి మార్కులు వచ్చాయి. ఇంట్లో మైసూర్‌పాక్ పంచారు. ఆ ముక్క నోట్లో పెట్టుకున్నప్పుడు పుట్టిన కోపం ఇంకా చల్లారలేదు.

పెళ్ళయి ఇక్కడికి వచ్చాక, భర్త శ్యామ్‌సుందర్ వీసా మీద ఆధారపడి వచ్చినందువల్ల పనిచేసే వీల్లేక ఏళ్ళకేళ్ళు అపార్ట్‌మెంట్‌లో కూర్చుంది. గ్రీన్ కార్డు వచ్చి ఈ ఉద్యోగంలో చేరాకే మొదటిసారి స్ప్రింగ్ త్రాసు చేతపట్టింది. అప్పటికి నలభై దాటాయి. ఆ రోజు ఖాళీ ల్యాబ్‌లో ఒక్కతే మధ్యాహ్నమంతా దిమ్మను లాగింది. సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఇది చూపించడానికి వాళ్ళ సొమ్మేం పోయింది?

క్లాసు మొదలైంది. లెక్చరర్ దివాకర్‌కు ముప్పై ఏళ్ళుంటాయి. సన్నగా, ఎప్పుడూ ఎవరో తరుముతున్నట్టు ఉంటాడు. హెచ్-వన్ వీసా మీద ఈ కాలేజీలో చేరి ఏడాదైంది. పోయిన వారం మంచువల్ల క్లాసు పోయింది కాబట్టి ఈ రోజు రెండు ప్రయోగాలు ముగించాలని చెప్పి, ప్రొజెక్టర్ వేశాడు. గోడమీద రీడింగుల పట్టిక వెలిగింది. అవి రాసుకుని గ్రాఫ్ గీస్తే చాలన్నాడు.

దమయంతి అతని దగ్గరికి వెళ్ళింది. "దివాకర్ గారూ, అన్నీ సర్దిపెట్టాను. వాళ్ళను లాగనివ్వండి."

"టైం లేదు మేడం. గ్రాఫ్ వస్తే సరిపోతుంది."

పిల్లలు తలలు వంచి రాసుకుంటున్నారు. ముందు బల్ల దగ్గర వర్ష దిమ్మను పక్కకు నెట్టి, కాగితానికి చోటు చేసుకుంది. ఇక్కడే ఎడిసన్‌లో పుట్టి పెరిగిన తెలుగుపిల్ల. "ఆంటీ, ఇది టచ్ చేయక్కర్లేదు కదా? గ్రేడ్‌కి కౌంట్ అవదు కదా?" అంది నవ్వుతూ.

దమయంతి నేరుగా గోడ దగ్గరికి వెళ్ళి ప్రొజెక్టర్ ప్లగ్ పీకేసింది.

"ఏంటి మేడం ఇది! క్లాస్ నాది."

"ల్యాబ్ నాది. పిల్లల చేతికి అందేలా నేను సామాను పెడితే, గోడమీద అంకెలు చూపిస్తావా? నీ పీహెచ్‌డీ కూడా ఇలాగే ఎవరిదో చూసి ఎక్కించుకున్నావా?"

తెలుగులోనే అంది. వర్ష తల దించుకుంది. మిగతావాళ్ళకు అతని ముఖం చూస్తే అర్థమైంది. దివాకర్ కాగితాలు బల్లమీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

"లాగండి," అంది దమయంతి.

అందరూ త్రాసులు తీశారు. వర్ష ఒక్క ఊపున గుంజింది.

"మెల్లగా! దూడను గుంజినట్టు గుంజకు."

వర్ష మళ్ళీ పట్టుకుంది. ముల్లు పెరిగింది, ఇంకా పెరిగింది, దిమ్మ కదలలేదు. ఉన్నట్టుండి జర్రున జారింది. ముల్లు కిందికి దిగింది. "ఓ!" అంది వర్ష. ఎవరూ చెప్పకుండానే దిమ్మను వెనక్కి జరిపి మళ్ళీ లాగింది. దమయంతి నవ్వలేదు. కళ్ళు మాత్రం ముల్లు మీదనే ఉంచింది.

క్లాసయ్యాక కారిడార్‌లో దివాకర్ నిలబడి ఉన్నాడు.

"పీహెచ్‌డీ మాట అనకూడదు. తప్పే. సారీ," అంది దమయంతి.

అతను తల ఊపాడు. "మాదీ మీరు చెప్పే ఆ ఒంగోలే మేడం. మా ల్యాబ్‌కీ తాళమే ఉండేది. నాకేం అయింది? పీహెచ్‌డీ వచ్చింది, జాబ్ వచ్చింది. సిలబస్ కాకపోతే ఈ జాబ్ పోతుంది. జాబ్ పోతే వీసా స్టేటస్ పోతుంది, దేశం వదలాలి."

దమయంతికి ఒళ్ళు మండింది. తెలియనివాడైతే క్షమించేది.

"తాళం చూసినవాడివి, మళ్ళీ తాళమే వేస్తున్నావా?"

అతను బల్లమీది కాగితాలు తెచ్చుకోవడానికి లోపలికి వెళ్ళాడు.

కేకలు డిపార్ట్‌మెంట్‌కు పెద్ద అయిన చైర్ గదిదాకా వినిపించాయి. ఆమె దమయంతిని పిలిచి, నెమ్మదిగానే మాట్లాడింది. అరిచినందుకూ, క్లాసు ఆపినందుకూ క్షమాపణ రాసివ్వాలి. ఇకమీద లెక్చరర్ చెప్పినట్టే ల్యాబ్ జరగాలి. అరిచినందుకు రాస్తానంది దమయంతి. ప్లగ్ పీకినందుకు రాయనంది. రెండూ కలిపే రాయాలంది చైర్.

"అయితే నేను వెళ్తాను," అంది దమయంతి. తాళంచెవుల గుత్తి చైర్ బల్లమీద పెట్టింది. చైర్ ఆలోచించుకోమంది. దమయంతి అప్పటికే తలుపు దగ్గరుంది.

పార్కింగ్ లాట్‌లో మంచు బూట్లతో విసవిసా నడిచి వెళ్ళి, కారెక్కి తలుపు దడాలున వేసుకుంది. శ్యామ్‌సుందర్‌కు ఫోన్ చేసి, "మానేశాను. ఇప్పుడేం అడగొద్దు," అని పెట్టేసింది. తర్వాత ఆమెను ఆ కాలేజీలో ఎవరూ చూడలేదు.

మరుసటి వారం దివాకరే ల్యాబ్ తెరిచాడు. పలకలూ దిమ్మలూ బీరువాలోనే ఉన్నాయి. అతను ప్రొజెక్టర్ వేశాడు. వర్ష చెయ్యెత్తి, ఈసారి ఏమైనా లాగుతామా అని అడిగింది. టైం లేదన్నాడు, ఆమె వైపు చూడకుండా. దీపాలు తగ్గించాడు, అందరూ తలలు వంచి రాసుకోవడం మొదలుపెట్టారు.

మూల బల్ల కింద, లోపల నడవడానికి దమయంతి ఉంచుకున్న నల్ల కాన్వాస్ బూట్లు, మడమలు ఒకవైపుకు అరిగి, లేసులు ముడివేసే ఉన్నాయి.