అత్తగారు కట్టిన కట్టు

అల్లుడు కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తాడు. మనిషి నెమ్మదస్తుడు, మాట మెత్తన. జీవితంలో అతను పట్టు పట్టేది ఒక్క విషయంలోనే. అది ‘ఉప్పుకోట’ అనే వీడియో గేమ్. దానికి ఆరు భాగాలు వచ్చాయి, ఆరూ ఆడాడు. కాబోయే భార్యను మొదటిసారి కలిసినప్పుడు కూడా కాఫీ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా మూడో భాగం కథ సగం చెప్పాడు. ఆ పిల్ల మిగతా సగం వినకుండానే పెళ్లికి ఒప్పుకుంది. వినాల్సి వస్తుందన్న భయంతోనే తొందరగా ఒప్పుకున్నానని ఇప్పటికీ చెబుతుంటుంది.

ఏడో భాగం కోసం అతను ఏళ్ల తరబడి కళ్లు కాయలు కాచేలా చూశాడు. తీరా అది ఇంటికి వచ్చిన వారంలోనే అత్తగారూ వచ్చింది.

ఆవిడ ఆసుపత్రిలో ఆపరేషన్ థియేటర్ నర్సు. పెద్ద పెద్ద సర్జన్లు కూడా ఆవిడ ముందు గొంతు తగ్గించి మాట్లాడతారని పేరు. అలాంటి మనిషి థియేటర్ బయట వరండాలో జారిపడి చీలమండ విరగ్గొట్టుకుంది. ‘నేల తడిగా ఉంది, జాగ్రత్త’ అన్న బోర్డు తెచ్చి అక్కడ పెట్టబోతూ జారిందని కూతురు అంటుంది. బోర్డు పెట్టేశాకే జారానని ఆవిడ వాదన. ఏదైతేనేం, మోకాలి దాకా పిండికట్టు పడింది. ఆవిడ ఒక్కతే ఉండే ఫ్లాటు మూడో అంతస్తులో, లిఫ్ట్ లేదు. అందుకని కూతురు తమ ఇంటికి తీసుకొచ్చి హాల్లో సోఫా మీద కూర్చోబెట్టింది. సోఫాకు ఎదురుగా టీవీ. టీవీ కింద అల్లుడి గేమ్ మిషను.

అంటే ఇన్నేళ్లు కాచుకున్న ఆటను అతను అత్తగారి కళ్ల ముందే ఆడాలి. రెండు రోజులు ఓర్చుకున్నాడు. ఆవిడ మాత్రం ఊరుకునే రకం కాదు. ఈ పడవ నడిపేవాడెవడు, ఆ ఏడ్చే అమ్మాయి వీడికి ఏమవుతుంది, ఇంతమందిని నరికినవాడు ఒక్కసారైనా చేతులు కడుక్కోడేం అని ఒకటే ప్రశ్నలు. అతను చివరికి చేతులెత్తేశాడు.

“ఏడో భాగంతో మొదలుపెడితే ఏం అర్థమవుతుంది అత్తయ్యా? ఒకటో భాగం నుంచి రావాలి. ఇది పెళ్లికి సరాసరి భోజనాల టైముకి వెళ్లినట్టుంటుంది.”

“అందరూ వెళ్లేది అప్పుడే కదా బాబూ,” అంది ఆవిడ.

మూడో రోజుకి కథ వంతెన దగ్గరికి వచ్చింది. ఆటలో హీరో అయిన పడవవాడి తమ్ముణ్ణి మూడో భాగంలో నిద్రలో పొడిచి చంపిన బూడిదదొర, ఇన్ని భాగాల తర్వాత అక్కడ దొరుకుతాడని అల్లుడికి ముందే తెలుసు. అక్కడే ఆట ఆపి పెట్టాడు. షాపులో కళ్లు పరీక్షించే డాక్టరు కూడా ఉప్పుకోట పిచ్చివాడే. శనివారం సాయంత్రం ఇద్దరూ కూర్చుని బూడిదదొరను తీరిగ్గా, తనివితీరా చంపాలని మాట అనుకున్నారు. డాక్టరు ఆ రోజు అపాయింట్‌మెంట్లు కూడా తగ్గించుకున్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం అల్లుడు షాపులో ఉన్నాడు. కూతురు డ్రైవింగ్ స్కూల్లో ఎవరికో రివర్స్ గేరు నేర్పుతోంది. ఇంట్లో అత్తగారు ఒక్కతే. రిమోట్ అనుకుని ఆవిడ చేతికి అందిన వస్తువేదో నొక్కింది. టీవీలో పడవవాడు లేచి నిలబడ్డాడు. మళ్లీ నొక్కింది. వాడు వెళ్లి నదిలో పడి చచ్చాడు. ఆట వాణ్ణి మళ్లీ ఒడ్డు మీద నిలబెట్టింది. మళ్లీ పడ్డాడు. ఎన్నిసార్లు ముంచిందో లెక్కలేదు గానీ, సాయంత్రానికి ఎలాగో వాణ్ణి వంతెన ఎక్కించింది.

అల్లుడు వచ్చి చెప్పులు విప్పుతూ టీవీ వైపు చూసి, ఒక కాలి చెప్పుతో అలాగే నిలబడిపోయాడు. తెర మీద మంట వేసుకుని పడవవాడు కూర్చున్నాడు. పక్కనే, వాడి భుజానికి భుజం ఆనించి, బూడిదదొర కూర్చుని చేప కాలుస్తున్నాడు.

“అత్తయ్యా, వాడెవడో తెలుసా మీకు?”

“ఎవరో ముసలాయన. కాలికి పెద్ద దెబ్బ. కట్టు కడతావా, కత్తి దూస్తావా అని ఆట అడిగింది. కత్తి బటన్ ఎక్కడుందో నాకు తెలీదు.” ఆవిడ కాస్త ఆలోచించింది. “తెలిసినా కట్టే కట్టేదాన్నిలే.”

ఉప్పుకోటలో చేసింది చేసినట్టే. వెనక్కి వెళ్లాలంటే ఏడో భాగం మళ్లీ మొదటి నుంచీ ఆడుకుంటూ రావాలి. అల్లుడు ఆ ముక్క ఆవిడకి చెప్పలేదు. లోపలికి వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. భార్య గది తలుపు వేసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

“బొమ్మల మనిషికి మా అమ్మ కట్టు కడితే నువ్వు అన్నం మానేస్తావా?”

“వాడు తమ్ముణ్ణి చంపాడు.”

“నీకు తమ్ముడే లేడు.”

అతను లేచి వెళ్లి తిన్నాడు. కానీ అత్తగారి వైపు చూడలేదు. ఆవిడా బతిమాలలేదు. అలిగిన సర్జన్లను చాలామందిని చూసిన మనిషి. డాక్టరుకి ఫోన్ చేసి శనివారం రావద్దన్నాడు. డాక్టరు, నీ మీద నమ్మకం పోయిందని మర్యాదగా చెప్పి పెట్టేశాడు.

మర్నాడు సాయంత్రం అల్లుడు పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. అత్తగారు పడవవాణ్ణి ఆడిస్తోంది, లేదా ముంచుతోంది. ఒడ్డున నిలబడి బూడిదదొర విసుక్కుంటున్నాడు. “ఈత రానివాడివి పడవ వృత్తిలోకి ఎందుకొచ్చావు?” అన్నాడు. పేపరు వెనక అల్లుడికి నవ్వొచ్చింది. ఆరు భాగాల్లోనూ ఆ దుర్మార్గుడు ఒక్క జోకు వేసిన పాపాన పోలేదు. వంతెన దగ్గర వాణ్ణి మాట్లాడేంతసేపు బతకనిచ్చినవాళ్లు ఎవరున్నారు గనక?

ఇంకోసారి మునిగేసరికి అల్లుడు ఉండబట్టలేక చెయ్యి చాచాడు. “ఇలా ఇవ్వండి అత్తయ్యా. వాడి ఊపిరితిత్తులు పాడైపోతాయి.”

అలా మొదలైంది. బటన్లు అల్లుడివి, నిర్ణయాలు అత్తగారివి. సాయంత్రం అతను షాపు నుంచి రాగానే ఇద్దరూ టీ గ్లాసులతో కూర్చునేవాళ్లు. బూడిదదొర దారి చూపేవాడు, గుర్రానికి లాడం కొట్టేవాడు, పడవవాడికి జ్వరమొస్తే తన కంబళి కప్పేవాడు. ఒక సాయంత్రం మంట దగ్గర ఆ తమ్ముడి సంగతి తనే ఎత్తి, ఆ రాత్రి నుంచి తనకి సరిగ్గా నిద్ర పట్టలేదన్నాడు. అల్లుడు వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తాగొచ్చాడు. షాపులో డాక్టరుతో వాదన కూడా పెట్టుకున్నాడు. మనిషి మారడా, మారకూడదా అని నిలదీశాడు. డాక్టరు అతని చేత అక్షరాల చార్టు చదివించి, చూపు బాగానే ఉంది, మిగతాది తన చేతిలో లేదన్నాడు.

ఆ పై వారం ఆదివారం మధ్యాహ్నం కోటలోకి చేరారు. భార్య కూడా వచ్చి సోఫా చేతి మీద కూర్చుంది. పడవవాడు అలసి నిద్రపోయాడు. బూడిదదొర కాపలా కాస్తానన్నాడు. కాసేపు కాచాడు. తర్వాత లేచి, కోట తలుపు శత్రువులకి తీసి, పడవవాడి గుర్రమెక్కి, పోతూ పోతూ కంబళి కూడా లాక్కుని వెళ్లిపోయాడు.

అల్లుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. వాడు ఎలాంటివాడో ఆరు భాగాలుగా తెలిసినవాడు తను. తెలిసి తెలిసి నమ్మాడు. ఏమీ తెలియని అత్తగారు ఇంకెంత బాధపడుతోందో అని పక్కకి తిరిగి చూశాడు. ఆవిడ పిండికట్టు అదిరేలా నవ్వుతోంది.

“కంబళి కూడా వదల్లేదు చూశావా? మా ఆసుపత్రిలో ఇలాంటివాళ్లు ఎంతమందో. కుట్లు వేయించుకుని దుప్పటితో సహా పోతారు.”

“మీకు కోపం రాలేదా అత్తయ్యా?”

“నేను బాగుచేసింది వాడి కాలు. అది బాగానే పనిచేస్తోందిగా, అంత ఎత్తు గుర్రం ఒక్క దూకులో ఎక్కాడు.” ఆవిడ కళ్లు తుడుచుకుని అతని వైపు చూసింది. నవ్వు కాస్త తగ్గించింది. “నువ్వు వాణ్ణి బాగా ఇష్టపడ్డావు కదూ?”

అతను తలూపాడు.

“వాడిచ్చిన చేప తిన్నావు, వాడి కంబళి కప్పుకున్నావు. ఇష్టపడక ఏం చేస్తావు? దానికి సిగ్గెందుకు?” అంది.

భార్య అతని భుజం మీద చెయ్యి వేసింది. ఆ సాయంత్రమే అతను డాక్టరుకి ఫోన్ చేసి జరిగింది చెప్పాడు. డాక్టరు ముందు నీకు తగిన శాస్తి జరిగిందన్నాడు. తర్వాత, కంబళి సంగతి మళ్లీ చెప్పమన్నాడు. బూడిదదొర బతికితే ఏమవుతుందో డాక్టరు ఎన్నడూ చూడలేదు.

పిండికట్టు విప్పేశాక అత్తగారు తన ఫ్లాటుకి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ అల్లుడి పాత మిషనూ, ముందు భాగాలూ అడిగి సంచిలో వేసుకుంది. ఈ ముసలాడికి జుట్టున్నప్పుడు ఎలా ఉండేవాడో చూడాలట. మళ్లీ డ్యూటీలో చేరింది. థియేటర్‌లో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు.

ఒక రోజు షాపులో అల్లుడు ఒక పెద్దాయన ముక్కు మీద కళ్లజోడు సరిచేస్తుండగా ఫోన్ మోగింది. అత్తగారు.

“బాబూ, రెండో భాగంలో ఉన్నాను. మన ముసలాడు ఇందులో భలే మంచి కుర్రాడయ్యా. ఇవాళ వరదలో ఓ పిల్లని కాపాడాడు.”

“అవునత్తయ్యా. మూడో భాగంలో...”

“చెప్పకు,” అంది ఆవిడ గబుక్కున. “ఇంకొన్నాళ్లు మంచివాడిగా ఉండనీ.”

అతను సరేనని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. పెద్దాయన కళ్లజోడు ఒక పక్కకి ఒరిగి ఉంది. దాన్ని తీసి, తుడిచి, మళ్లీ పెట్టాడు.